ఇసుక తిరిగొచ్చే దాకా: ఎర్ర సముద్రం ఒడ్డున ఒక సర్వేయరు

మాది కడప జిల్లాలో పెన్న పక్కనున్న ఊరు. ఇరవై ఏళ్లు దాటేదాకా నేను సముద్రం చూడలేదు. అలాంటివాణ్ణి, చేసిన ఉద్యోగమంతా సముద్రం ఒడ్డును కొలవడంతోనే గడిచిపోయింది. అందులో ఎక్కువ కాలం సౌదీలో, యాన్బు దగ్గర. ఈమధ్యే రిటైరై కడప చేరాను. తీరం సర్వేలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది?" అని అడుగుతుంటారు. ఆ సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది.

అక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు ఎట్లా వచ్చింది, వీసా ఇచ్చిన కఫీల్ ఎలాంటివాడు, క్యాంపులో తిండి ఎట్లా ఉండేది అన్నవి ఇక్కడ రాయను. గల్ఫ్ పోయొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఆ కథలు ఉన్నాయి. యాన్బుకు ఉత్తరాన ఉన్న ఒక చేపలవాళ్ల ఊరి గురించి, ఆ ఊరి ముందున్న ఇసుక గురించి రాస్తాను. నాకు ఈ పని నేర్పింది ఎక్కువగా ఆ ఊరే.

ఒడ్డు ఎక్కడుంది?

సౌదీకి పోకముందు నేను నెల్లూరు తీరంలో కొన్నాళ్లు పనిచేశాను. తుఫాను వచ్చిపోయాక మమ్మల్ని పంపేవాళ్లు. గుడిసెలు కూలిన చోట, సరుగుడు చెట్లు వేళ్లతో సహా పడిపోయిన చోట టేపు పట్టి, తీరం ఇంత కోసుకుపోయిందని రాసుకుని వచ్చేవాళ్లం. ఆరు నెలల తర్వాత అదే చోటికి వెళ్లి ఎట్లుందో చూడమని ఎవరూ చెప్పలేదు. అట్లా చూడాలని మాకూ తోచలేదు. తుఫాను తీసుకుపోయింది తీసుకుపోయినట్టేనని అందరం అనుకునేవాళ్లం.

యాన్బులో నా పై అధికారి ఉస్మాన్. సుడాన్ దేశస్థుడు. ఆయన ఊరు కూడా ఎర్ర సముద్రం మీదే, అవతలి ఒడ్డున. అందరూ ఆయన్ను ముహందిస్ అనేవాళ్లు. అరబీలో ఇంజనీరని అర్థం. నేను చేరిన వారంలోనే నన్ను ఒడ్డుకు తీసుకెళ్లి, "మస్తాన్, ఒడ్డు ఎక్కడుందో చూపించు" అన్నాడు.

నీళ్లు ఇసుకను తాకే చోటు చూపించాను.

"సరే. జనవరిలో మళ్లీ అడుగుతాను" అన్నాడు. అప్పుడు ఎండాకాలం.

జనవరిలో పోతే నేను చూపించిన చోటు నీళ్లలో ఉంది. ఒడ్డు కోసుకుపోలేదు. ఆ సముద్రంలో నీటిమట్టమే ఎండాకాలంలో దిగుతుంది, చలికాలంలో ఎక్కుతుంది. ఎండాకాలం తీసిన ఫోటో పక్కన చలికాలం ఫోటో పెట్టి, తీరం మాయమైపోతోందని గగ్గోలు పెట్టినవాళ్లను తర్వాత చాలామందిని చూశాను. అందుకే మేం నీటి అంచును నమ్మేవాళ్లం కాదు. ఇంటి గోడల దగ్గర నుంచి నీళ్లలోకి గీతలు అనుకుని, ప్రతి గీత వెంబడి ఇసుక ఎత్తు ఎంతుందో కొలిచేవాళ్లం. నెలలు, ఏళ్లు అదే గీత మీద అదే పని. ఇప్పుడు డ్రోన్ ఎగరేస్తే ఒక్క పూటలో అయిపోతుంది. డ్రోన్ మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ అది కూడా ఆ పూట సంగతే చెబుతుంది.

నాతో స్టాఫ్ పట్టుకునేవాడు రాజన్న, జగిత్యాల దగ్గరివాడు. స్టాఫ్ అంటే అంకెలు గీసిన పొడవాటి కర్ర. దాన్ని నిటారుగా పట్టుకుని నిలబడితే నేను దూరం నుంచి యంత్రంలో అంకె చదువుతాను. ఆ గాలిలో, ఆ ఉక్కలో కర్రను నిటారుగా పట్టడం చూసినంత తేలిక కాదు. రాజన్న నడుం లోతు నీళ్లలో నిలబడి, "అన్నా, జల్ది సదువు, చేపలు కాళ్లు కొరుకుతున్నయ్" అని నవ్వేవాడు. మేమిద్దరం పన్నెండేళ్లు కలిసి పనిచేశాం. నా జీవితంలో నా భార్యతో కంటే అతనితోనే ఎక్కువ మాట్లాడి ఉంటాను.

గాలి కొట్టిన చలికాలం

ఆ చేపలవాళ్ల ఊళ్లో ముప్పై నలభై ఇళ్లు. ఒక మసీదు, ఒక బడి, పడవలు లాగి పెట్టుకునే చోటు. ఊరికి ఉత్తరం వైపు సముద్రంలోకి రాళ్లతో కట్టిన ఒక కట్ట ఉండేది. దాని చాటున పడవలు నిలిపేవాళ్లు. మాకంటే ముందు వేరే కంపెనీ వాళ్లు ఆ ఊరి ఒడ్డును కొన్నేళ్లు కొలిచారు. వాళ్ల లెక్కల ప్రకారం అక్కడి ఇసుక ఏటా కొద్దికొద్దిగా పెరుగుతోంది. అందుకే ఆ ఊరి గురించి ఎవరికీ పెద్ద బెంగ ఉండేది కాదు.

మన తీరానికి వచ్చేలాంటి తుఫాన్లు ఆ వైపుకు రావు. కానీ చలికాలంలో ఒక్కోసారి పడమటి గాలి లేస్తుంది. ఒక ఏడు లేచిన గాలి రెండు రాత్రులు, ఒక పగలు ఆగకుండా కొట్టింది. మేం వెళ్లేసరికి ఊరి ముందు ఒడ్డు కత్తితో కోసినట్టు నిలువుగా తెగిపోయి ఉంది. ముందు వరస ఇళ్లలో ఒకదాని వంటగది గోడ కింద మట్టి పోయి, పునాది గాల్లో తేలుతోంది. అది అబూ సాలిం ఇల్లు. అరవై ఏళ్ల మనిషి, ఊళ్లో పెద్ద. ఆయన భార్య వంటసామాను ముందు గదిలోకి చేరవేస్తోంది.

మాకు కాంట్రాక్టు ఇచ్చినవాళ్ల తరఫున ఫరీద్ అని ప్రాజెక్ట్ మేనేజర్ ఉండేవాడు. చురుకైనవాడు, ఊరికే కూర్చునే రకం కాదు. ఒడ్డు మీద నిలబడే ఉస్మాన్‌తో అన్నాడు. "ముహందిస్, రెండు వారాల్లో రిపోర్ట్ కావాలి. ఏడాదికి ఇంత కోత అని ఒక అంకె ఇవ్వు. ఊరి ముందు రాతి గోడ మంజూరు చేయిస్తాను."

"ఇది ఏడాది కోత కాదు. ఒక్క గాలి చేసిన కోత" అన్నాడు ఉస్మాన్.

"ఇల్లు పడిపోతుంటే తేడా ఏముంది?"

"ఇల్లు పడిపోకుండా ఇవాళే ఇసుక బస్తాలు వేయిద్దాం. అంకె మాత్రం వచ్చే చలికాలం దాకా ఇవ్వను."

ఫరీద్‌కు కోపమొచ్చింది. మా కంపెనీ పైవాళ్లకు ఫిర్యాదు కూడా చేశాడు. ఉస్మాన్‌ను జెద్దా ఆఫీసుకు పిలిపించారు. తిరిగొచ్చాక ఏం జరిగిందని అడిగితే, "బలద్‌లో మంచి ఫూల్ తిన్నాను" అని మాత్రమే అన్నాడు. బలద్ అంటే జెద్దా పాతబస్తీ. ఫూల్ అంటే అక్కడివాళ్లు పొద్దున్నే తినే చిక్కుళ్ల కూర. నేను చాలామంది బాసుల దగ్గర పనిచేశాను. పని తొందరగా చేయించేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. తెలియని సంగతి తెలియదని రాయడానికి ఒత్తిడి భరించే బాసు దొరకడం అదృష్టం. దొరికితే వదలొద్దు.

బస్తాలు వేశాం. ప్రతి నెలా పోయి కొలిచాం. ఏప్రిల్ నుంచి ఇసుక తిరిగి రావడం మొదలైంది. గాలి లాక్కెళ్లిన ఇసుక ఎక్కడికో పోలేదు. కొంచెం లోతులో గట్టులా పడి ఉంది. చిన్న అలలు దాన్ని రోజూ కొంచెం కొంచెం ఒడ్డు మీదికి మోసుకొచ్చాయి. జూలై నాటికి తెగిన చోటు వాలుగా పూడిపోయింది. రాజన్న ఆ ఇసుక మీద నిలబడి, "గిదేందన్నా, తీస్కపోయినోడే తెచ్చి పెడుతున్నడు" అన్నాడు.

నెల్లూరు తీరంలో మేం ఒక్కసారే కొలిచి వచ్చేసిన ఊళ్లు నాకు ఆ రోజు గుర్తొచ్చాయి. వాటిలో ఎన్నింటికి ఇసుక తిరిగొచ్చిందో, ఎన్నింటికి రాలేదో ఎవరికీ తెలియదు.

అబూ సాలింకు ఉస్మాన్ స్వయంగా చెప్పాడు. "ఒడ్డు చాలావరకు వెనక్కి వచ్చింది. పాత లెక్కల ప్రకారం ఇక్కడ ఇసుక పెరుగుతూనే ఉంది. భయపడకండి." ఆయన మాకు ఖర్జూరాలు, ఖహ్వా అనే అరబ్బుల కాఫీ ఇచ్చాడు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

మసీదు గచ్చు

అదే ఏడాది చివర డాక్టర్ హనాన్ మాతో కలిసింది. జెద్దాలో చదువుకున్న సౌదీ అమ్మాయి. తీరాల మీద పరిశోధన చేసింది. మేం దొక్తోరా అని పిలిచేవాళ్లం. ఆమెను మాతో ఒడ్డు మీదికి పంపాలా వద్దా అని ఆఫీసులో కొందరు గుసగుసలాడారు. ఆమె పట్టించుకోలేదు. వెడల్పు టోపీ, బూట్లు వేసుకుని మాతో నడిచేది.

పాత కంపెనీ లెక్కలు, మా లెక్కలు అన్నీ ఆమె ఒక్క చిత్రంలోకి తెచ్చింది. వారం రోజులు వాటి ముందే కూర్చుంది. తర్వాత నన్ను పిలిచి, తెర మీద ఒక గీత చూపించింది.

"ఉస్తాద్ మస్తాన్, ఈ గీత ఎక్కడ మొదలవుతుంది?"

"మసీదు ముందు గచ్చు మీద."

"ఆ గచ్చు సిమెంటుదేనా?"

"సిమెంటుదే. కింద పగడపు రాయి."

"మరి మన లెక్కల్లో అది కూడా ఏటా పెరుగుతోంది. ఇసుక పెరిగిన దానికంటే ఇది ఇంకొంచెం ఎక్కువే పెరిగింది."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సిమెంటు గచ్చు పెరగదు. పెరిగినట్టు కనిపించిందంటే, మేం ఎత్తులు కొలవడానికి ఆధారం చేసుకున్న గుర్తురాయే కుంగుతోందన్నమాట. సర్వేలో ఎత్తులన్నీ కదలని ఒక గుర్తు నుంచి లెక్కపెడతాం. దాన్నే బెంచ్ మార్క్ అంటాం. మాకంటే ముందువాళ్లు ఆ గుర్తు స్తంభాన్ని సబ్ఖా అంచున పాతారు. సబ్ఖా అంటే మన కోస్తావాళ్లు చెప్పే ఉప్పు పర్రలాంటి నేల. పైన గట్టిగా ఉంటుంది, లోపల మెత్తన. స్తంభం ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి దిగుతోంది. అది దిగినకొద్దీ దానితో పోల్చిన ఇసుకంతా పైకి లేచినట్టు కనిపిస్తుంది.

ఉస్మాన్‌కు ఆ గీత చూపించాం. చూసి, "ఎత్తు కొండ నుంచి తీసుకురండి" అన్నాడు.

ఊరికి తూర్పున రాతి కొండలు ఉన్నాయి. అక్కడ గట్టి రాయి మీద ఒక పాత గుర్తు ఉంది. నేనూ రాజన్నా అక్కడి నుంచి ఊరిదాకా ఎడారిలో లెవల్ యంత్రం పెట్టి ఎత్తులు కొలుచుకుంటూ నడిచాం. మళ్లీ ఊరి నుంచి కొండదాకా వెనక్కి నడిచి సరిచూసుకున్నాం. హనాన్ కొంత దూరం మాతో వచ్చింది. స్తంభం కుంగిన మాట నిజమే. దాన్ని సరిచేసి లెక్కలు మళ్లీ వేస్తే, ఊరి ముందు ఇసుక పెరగడం లేదు. గాలి తీసుకుపోయింది తిరిగి వస్తోంది. కానీ వచ్చేది ప్రతిసారీ కొంచెం తక్కువగా వస్తోంది.

ఈ వృత్తిలో నన్ను అన్నింటికంటే ఎక్కువ కుదిపిన రోజు అదే. యంత్రం సరిగ్గా ఉంది. రీడింగులు సరిగ్గా ఉన్నాయి. అందరం నిజాయితీగానే పనిచేశాం. అయినా ఒక ఊరికి తప్పుడు ధైర్యం చెప్పాం. పిల్లలూ, మీరు నిలబడిన చోటును కూడా కొలవండి. అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం

ఊరివాళ్లకు ఉత్తరం రాస్తే సరిపోతుందని మా ఆఫీసులో అన్నారు. ఉస్మాన్ వినలేదు. "మంచి మాట ఖహ్వా తాగుతూ చెప్పాను. ఈ మాట కూడా అక్కడే చెబుతాను" అన్నాడు. ఆయన, హనాన్, నేను వెళ్లాం.

విన్నాక అబూ సాలిం గిన్నె కింద పెట్టేశాడు. "యా ముహందిస్, ఎండాకాలంలో వచ్చి భయపడొద్దన్నావు. నేను నా కొడుకును జెద్దా పోకుండా ఆపాను. ఇల్లు ఉంటుంది, పడవ ఉంటుంది, ఇక్కడే ఉండమన్నాను."

ఉస్మాన్ తల వంచుకుని విన్నాడు. "మేం ఆనుకున్న రాయి కుంగింది. అది మాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక మీకు చెప్పకుండా ఉండలేను."

"రేపు ఇంకో రాయి కుంగిందని వస్తారా?"

దానికి హనాన్ జవాబిచ్చింది. "కుంగితే తప్పకుండా వస్తాం, అమ్మీ." అమ్మీ అంటే బాబాయి. "కానీ ఇప్పుడు కొండను పట్టుకున్నాం. ఇసుక ఎందుకు తగ్గుతోందో కూడా చూపిస్తాను, లేవండి."

ఆమె ఆయన్ను ఊరికి ఉత్తరానున్న రాళ్ల కట్ట మీదికి తీసుకెళ్లింది. అక్కడ గాలి ఏడాదిలో ఎక్కువ కాలం వాయవ్యం నుంచి వీస్తుంది. అలలతో పాటు ఇసుక ఒడ్డు వెంబడే దక్షిణానికి నడుస్తుంది. కట్ట ఆ ఇసుకకు అడ్డం పడింది. కట్టకు ఉత్తరం వైపు ఇసుక మనిషి ఎత్తున పేరుకుపోయింది. దక్షిణం వైపు, ఊరి ముందు, ఒడ్డు ఆకలితో ఉంది.

అబూ సాలిం అటూ ఇటూ చూశాడు. "ఈ కట్ట కావాలని అడిగింది మేమే" అన్నాడు నెమ్మదిగా.

"పడవలకు కట్ట కావాలి. తప్పేం లేదు. ఇసుకకు దారి కూడా కావాలి" అంది హనాన్.

గోడా, ఇసుకా

తర్వాత యాన్బులో పెద్ద సమావేశం జరిగింది. ఫరీద్ మళ్లీ రాతి గోడ మాటే ఎత్తాడు. ఈసారి మా అంకెలు కూడా కోత ఉందనే చెబుతున్నాయి కదా అన్నాడు. ఆ మాట నిజమే.

హనాన్ గోడ వద్దంది. గోడ కడితే ఇళ్లు నిలుస్తాయి, గోడ ముందు ఇసుక నిలవదు, పడవ లాగడానికి చోటుండదు, చేపలవాళ్లు చేపలవాళ్లుగా ఉండలేరు, కోత పక్క ఊరికి పోతుంది అని ఒక్కొక్కటే చెప్పింది. కట్టను చివర కొంత కురచ చేయాలని, పేరుకున్న ఇసుకను ఏటా లారీల్లో ఊరి ముందుకు మోసి పోయాలని, ముందు వరసలో మూడు ఇళ్లను వెనక్కి జరపాలని అడిగింది. ఊరికి దక్షిణానున్న చిన్న ఉప్పునీటి పాయలో మడ మొక్కలు నాటిస్తామంది. వాటిని అక్కడ షూరా అంటారు. అవి ఉప్పునీళ్లలోనే పెరుగుతాయి.

ఫరీద్ దాపరికం లేకుండా మాట్లాడాడు. "గోడ కడితే ఫోటో తీసి చూపించొచ్చు. ఏటేటా ఇసుక పోస్తే నేను పైవాళ్లకు ఏం చూపించను?"

"ఊరిని చూపించు" అన్నాడు ఉస్మాన్.

సమావేశంలో పెద్దాయన ఒకరు రెండు చలికాలాలు ఈ పద్ధతి చూద్దామని, నిలవకపోతే గోడ కడదామని తేల్చారు. ఫరీద్ గురించి ఒక మాట చెప్పాలి. తన మాట నెగ్గలేదని అతను పక్కకు తప్పుకోలేదు. లారీలు దొరకని సమయంలో వేరే పని నుంచి తెప్పించింది అతనే. ఇసుకలో రాళ్లు కలిసి వస్తే వెనక్కి పంపింది కూడా అతనే. మనతో వాదించేవాళ్లంతా మనకు అడ్డు కాదు.

అబూ సాలిం ఇల్లు వెనక్కి జరిగిన మూడింటిలో ఒకటి. పాత ఇల్లు కూలుస్తుంటే ఆయన భార్య వచ్చి చూడలేదు. కొత్త చోటు బడి వెనక, కొంచెం మెరక మీద. అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది, ఇంట్లో వినిపించదు. చాలా రోజులు నిద్ర పట్టలేదని ఆమె హనాన్‌తో చెప్పిందట.

మొదటి చలికాలం గాలి మామూలుగానే ఉంది. రెండో చలికాలం గట్టిగా కొట్టింది, మునుపటి గాలికి తీసిపోకుండా. తెల్లవారగానే బయల్దేరాం. ఊరి ముందుకు పోయి చూస్తే ఒడ్డు తెగింది. కానీ తెగిన చోటు ఇళ్లకు చాలా దూరంలోనే ఆగిపోయింది. ఇసుక వెడల్పుగా ఉండటంతో అలల జోరంతా దాని మీదే అయిపోయింది. పడవలు తమ చోట తామున్నాయి. మడ మొక్కల్లో కొన్ని పోయాయి. మిగిలినవి బురద పూసుకుని నిలబడి ఉన్నాయి.

"బతికినమన్నా" అన్నాడు రాజన్న. ఆ రోజు అతను నీళ్లలో ఇంకా లోతుకు పోయి కర్ర పట్టుకున్నాడు.

సిమెంటు

ఆ తర్వాత కూడా ఏటా కొలిచాం. ఉస్మాన్ రిటైరై తన ఊరికి పోయాడు. రాజన్న జగిత్యాలలో ఇల్లు కట్టుకుని తిరిగిపోయాడు. హనాన్ ఇప్పుడు ఆ తీరమంతటి పని చూస్తోంది. ఆమె దగ్గర పదిమంది పనిచేస్తున్నారు, అందులో సగం ఆడపిల్లలు. గుర్తురాళ్లను ఏటా కొండతో సరిచూడటం ఆమె అందరికీ నియమం చేసింది.

నేను వచ్చేసే ముందు చివరిసారి ఆ ఊరి ఒడ్డు కొలిచాను. పని అయ్యాక అబూ సాలిం ఇంటికి పిలిచాడు. మనిషి ముసలివాడయ్యాడు, కర్ర సాయంతో నడుస్తున్నాడు. కొడుకు పడవ మీద వేటకు పోతున్నాడు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అంత చిన్న ఇంట్లో అందరూ ఇరుక్కుని ఉంటున్నారు.

భోజనాలయ్యాక ఆయన నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఖాళీ స్థలంలో సున్నంతో రెండు గదులకు గీతలు గీసి ఉన్నాయి.

"కొడుకు కట్టుకుంటానంటున్నాడు. ఇక్కడికి మారినప్పటి నుంచి నేనే ఆపుతున్నాను" అన్నాడు. "యా మస్తాన్, నువ్వు దేశం పోతున్నావు. నీ మీద ఇప్పుడు ఏ కంపెనీ లేదు. చెప్పు. సిమెంటు తెప్పించమంటావా?"

పనిచేసినన్నాళ్లూ నాకు ఇలాంటి ప్రశ్న వస్తే జవాబులు సిద్ధంగా ఉండేవి. లెక్కల్లో ఇంత అటూ ఇటూ ఉండొచ్చు, సముద్రం సంగతి ఎవరికి తెలుసు, ఇంకా కొన్నేళ్లు చూడాలి. అవన్నీ నిజాలే. సముద్రం మెల్లగా పెరుగుతోందన్నది కూడా నిజమే, అది ఆయనకూ తెలుసు. ఆ సున్నపు గీతల పక్కన నిలబడి అవన్నీ మనసులో తిప్పుకున్నాను. మేం కొండ నుంచి తెచ్చిన ఎత్తు, వచ్చి పోయిన గాలులు, ప్రతిసారీ తిరిగొచ్చిన ఇసుక, బడి వెనకున్న ఈ మెరక. నా దగ్గర ఉన్నది ఊహ కాదు. ఏళ్ల తరబడి అదే గీత మీద నడిచి తెలుసుకున్నది.

"ఇసుక పోయడం మాత్రం మానొద్దు. ఏ ఏడాది లారీలు రాకపోయినా ఊరంతా వెళ్లి అడగండి" అన్నాను.

"అడుగుతాం. సిమెంటు?"

"తెప్పించండి" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లోకి తిరిగి కొడుకును పేరు పెట్టి పిలిచాడు.